ముట్టుకోకుండా చూడటం కూడా నేర్పాలి

పోయిన ఏడాది వినాయక చవితిని మా కామారెడ్డి జిల్లాలో ఎవరూ అంత తొందరగా మర్చిపోరు. 2025 ఆగస్టు 27. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి వాన పడింది. కామారెడ్డి టౌన్‌లో కాలనీలకు కాలనీలే మునిగాయి. భిక్కనూర్, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మా ఎల్లారెడ్డి వైపు పోచారం ప్రాజెక్టు పొంగి పొర్లుతుంటే, కట్ట ఉంటుందా పోతుందా అని ఊళ్లకు ఊళ్లే రాత్రంతా మేలుకున్నాయి. కట్ట నిలబడింది. కానీ కామారెడ్డిలో మా మేనమామ పనిచేసే ఎరువులు, విత్తనాల దుకాణంలో నేల మీద పెట్టిన కంప్యూటర్ మాత్రం మునిగిపోయింది.

నేను పండక్కి ఇంటికొచ్చి ఎల్లారెడ్డిలోనే ఉన్నాను. బస్సులు మళ్లీ నడవటం మొదలయ్యాక మామ ఫోన్ చేసిండు.

"అల్లుడూ, నువ్వు కంప్యూటర్ సైన్స్ చదువుతున్నవ్ కదా. బ్యాకప్ క్లౌడ్‌ల ఉన్నదంటున్నరు. ఏమున్నదో ఏం పోయిందో జర వచ్చి సూడు."

ఈ వ్యాసం ఆ "జర సూడు" గురించే. చూడటం అనే పని ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. ఏదీ మార్చకుండా కేవలం చూపించే కమాండ్‌కి కూడా మంచి డాక్యుమెంట్ ఉండాలని, అది తెలుగులో కూడా ఉండాలని, ఆ పని మనలాంటి విద్యార్థులే చేయాలని నా వాదన. కోడింగ్ క్లబ్‌లో చెప్పాల్సింది సాహిత్య క్లబ్‌లో ఎందుకు చెప్తున్నాడని అనుకోకండి. చివరికొచ్చేసరికి ఇది భాష గురించే అని మీకే అర్థమవుతుంది.

దుకాణంలో బురద కడుగుతున్నారు. మామ ఒక ప్లాస్టిక్ కవర్‌లోంచి మడతపెట్టిన కాగితం తీసిచ్చాడు. లాగిన్, పాస్‌వర్డ్. రెండేళ్ల కింద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినాయన రాసిచ్చింది. ఆయన ఫోన్ కలవట్లేదు. నా ల్యాప్‌టాప్‌కి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకొని లాగిన్ అయ్యాను. స్క్రీన్ నిండా బటన్లు. రీస్టోర్, స్టాప్, డిలీట్, కాన్ఫిగర్. మామ నా భుజం మీదుగా చూస్తూ ఒకటే మాట: "ఏం నొక్కకురా. ఉన్నది కూడ పోతది."

నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. రెండేళ్లుగా పైథాన్, జావా, డేటా స్ట్రక్చర్స్ చదివిన నేను, పదో తరగతి దాకా చదివిన మా మామ, ఇద్దరం ఒకే భయంతో ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నాం. అప్పుడు గుర్తొచ్చింది, ఇలాంటి సర్వీసులన్నిటికీ కమాండ్ లైన్‌లో చూసే కమాండ్లు విడిగా ఉంటాయని. పేరు షో కావచ్చు, గెట్ కావచ్చు, లిస్ట్ కావచ్చు, డిస్క్రైబ్ కావచ్చు. అవి అడుగుతాయి, చూపిస్తాయి, అంతే. సెట్టింగులు మార్చవు. వెతికి ఒకటి పట్టుకున్నాను. కొట్టాను. పది పన్నెండు లైన్లు వచ్చాయి. అందులో ఒక లైన్‌లో రికవరీ పాయింట్లు 31 అని ఉంది.

"మామా! 31 కాపీలు ఉన్నయి!" అని గట్టిగా అరిచాను. బురద కడుగుతున్నవాళ్లు కూడా ఆగి నవ్వారు. మామ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సంతోషం పావుగంట కూడా లేదు. 31 ఉన్నాయన్నది నిజమే, కానీ అవి ఎప్పటివో ఆ కమాండ్ చెప్పలేదు. దానికి ఇంకో కమాండ్ ఉంది. అది కొడితే తేదీలు వచ్చాయి. చివరి కాపీ జూన్ 9ది. జూన్‌లో పాత సిస్టం తీసేసి కొత్తది పెట్టినప్పుడు బ్యాకప్ ప్రోగ్రామ్‌ని అందులో మళ్లీ పెట్టలేదు. పాత కాపీలు క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయి. కొత్తవి ఒక్కటీ చేరలేదు. జూన్ 9 నుంచి ఆగస్టు 27 దాకా, 79 రోజులు.

ఎరువుల దుకాణం సంగతి తెలిసినవాళ్లకు ఆ 79 రోజులంటే ఏంటో చెప్పక్కర్లేదు. వానాకాలం పంట మొత్తం అందులోనే ఉంటుంది. విత్తనాలు, డీఏపీ, యూరియా, మందులు, సగానికి సగం ఉద్దెర. పంట అమ్మాక కడతారు. ఆ ఉద్దెర ఖాతా మొత్తం ఆ కంప్యూటర్‌లోనే ఉంది. తడిసిన బిల్లు పుస్తకాలు ఎండబెట్టి కొంత రాబట్టారు. కొందరు రైతులు వాళ్లే వచ్చి, నాది ఇంత ఉంది రాసుకో అని చెప్పారు. కొందరు చెప్పలేదు. పొలమే ఇసుక మేట వేసినవాళ్లను అడగడానికి మామకి నోరు రాలేదు. మిగిలిన తేడా ఎవరి మీద పడుతుందో, జీతానికి పనిచేసే గుమస్తాకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

నేను పదేపదే ఆలోచించింది ఇది: జులైలో ఏ ఒక్క రోజైనా ఎవరో ఒకరు ఆ రెండు కమాండ్లు కొట్టి ఉంటే? రెండు నిమిషాల పని. ఏదీ పాడయ్యే అవకాశం లేదు. కానీ అలాంటి కమాండ్ ఉందని మామకు తెలియదు. సాఫ్ట్‌వేర్ పెట్టినాయన చెప్పలేదు. డాక్యుమెంట్ ఉంది, ఇంగ్లీషులో ఉంది, అందులో కూడా "ఈ సంఖ్య చూసి కాపీలు తాజాగా ఉన్నాయని అనుకోవద్దు" అనే ముక్క లేదు. ఆ ముక్క లేకపోవడం వల్లే కంప్యూటర్ సైన్స్ చదువుతున్న నేనే మోసపోయి అరిచాను.

మా వైపు దీనికి మంచి పోలిక ఉంది. ఎల్లారెడ్డి నుంచి దగ్గరే నిజాంసాగర్. దాని పూర్తి మట్టం 1405 అడుగులు. వానాకాలంలో మా ఇంట్లో పేపర్ రాగానే నాన్న ముందు చూసేది అదే: ఇవాళ మట్టం ఎంత, ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత. గేట్లు ఎత్తే అధికారం ఇంజనీర్లది. మట్టం చూసే హక్కు మాత్రం అందరిదీ. గేజీ మీద అంకె చదివినంత మాత్రాన చుక్క నీరు కదలదు. సరిగ్గా ఇదే రీడ్ ఓన్లీ. వెబ్ ప్రమాణాల్లో కూడా ఈ తేడా రాసి ఉంది. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110 గెట్, హెడ్ లాంటి పద్ధతులను "సేఫ్" అంటుంది. అడిగేవాడు సర్వర్‌లో మార్పు ఏదీ కోరట్లేదు అని దాని అర్థం.

కానీ గేజీ కథ అక్కడితో అయిపోదు. నిజాంసాగర్ 1931లో పూర్తయినప్పుడు దాని నిల్వ 29 టీఎంసీలకు పైనే. పూడిక చేరీ చేరీ ఇప్పుడు లెక్క 17.8 టీఎంసీలు. గేజీకి పూడిక కనపడదు. అది నీటి పైమట్టం చెప్తుంది, అడుగున ఏముందో చెప్పదు. అది తెలిసిన ఇంజనీరు గేజీ పక్కన ఇంకో పట్టిక పెట్టుకుంటాడు, ఈ మట్టానికి ఇంత నీరు అని. పూడిక సర్వే చేసినప్పుడల్లా ఆ పట్టికను సవరిస్తారు. నా దగ్గర 31 అనే గేజీ ఉంది, పట్టిక లేదు. డాక్యుమెంట్ అంటే ఆ పట్టిక.

ఆ సెలవులు అయిపోయి కాలేజీకి వచ్చాక, ఇలాంటి ఒక చూసే కమాండ్‌కి తెలుగులో డాక్యుమెంట్ రాద్దామని కూర్చున్నాను. మామ దుకాణంలో ఉన్నది వేరే సర్వీసు. నేను రాసింది అజూర్‌లోని దానికి. కారణం సింపుల్, విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే ఖాతా నా దగ్గర ఉంది, ప్రయోగాలు చేసి చూసుకోవచ్చు. అందులో రికవరీ సర్వీసెస్ వాల్ట్ అని ఒకటి ఉంటుంది, బ్యాకప్‌లు దాచే బీరువా అనుకోండి. ఆ బీరువా స్టోరేజ్ సెట్టింగులు ఎలా ఉన్నాయో తెచ్చి చూపించడానికి ఒక గెట్ ఉంది. ఇచ్చేది చాలా కొంచెం. స్టోరేజ్ ఏ రకం, ఆ రకాన్ని ఇంకా మార్చగలమా లేదా, వేరే రీజియన్‌లో రీస్టోర్ చేసుకునే వీలు ఆన్‌లో ఉందా, ఇంకో ఒకటి రెండు.

అరగంటలో అయిపోతుందనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

మొదటి చిక్కు స్టోరేజ్ రకం దగ్గరే. లోకల్లీ రిడండెంట్, జోన్ రిడండెంట్, జియో రిడండెంట్. రిడండెన్సీకి తెలుగు మాట కోసం నిఘంటువు తీస్తే పునరుక్తి అని ఉంది. మన తెలుగు క్లాసులో పునరుక్తి అంటే దోషం కదా! చెప్పిందే చెప్పడం. బ్యాకప్‌లో అదే గుణం. అందుకని మాట కోసం వెతకడం మానేసి, విషయం రాశాను. "లోకల్ అంటే ఒకే డేటా సెంటర్‌లో మూడు ప్రతులు. డిస్క్ పోతే పర్వాలేదు, ఆ సెంటరే పోతే అన్నీ పోతాయి. జోన్ అంటే అదే రీజియన్‌లో వేర్వేరు జోన్లలో ప్రతులు. జియో అంటే ఇక్కడ మూడు, దూరంగా ఉన్న జంట రీజియన్‌లో ఇంకో మూడు. ఉదాహరణకి పుణె దగ్గరి సెంట్రల్ ఇండియాకి జంట చెన్నైలోని సౌత్ ఇండియా." ఇంత రాశాక ఎవరికైనా అర్థమవుతుంది. ఒకే ఊరిలో మూడు చోట్ల దాచడానికి, రెండు ఊళ్లలో దాచడానికి తేడా వరద చూసిన మా జిల్లావాళ్లకు వేరే చెప్పాలా?

రెండో చిక్కు ఇంకా గమ్మత్తైనది. ఒక ఫీల్డ్‌లో లాక్డ్ అనో అన్‌లాక్డ్ అనో వస్తుంది. నేను నీట్‌గా "తాళం వేసి ఉంది" అని రాశాను. దసరాకి ఇంటికెళ్లినప్పుడు మామతో చదివించాను. ఆయన చదివి, "తాళం ఉన్నదంటే మంచిదే కదా, ఎవ్వడు తియ్యలేడు, సేఫ్" అన్నాడు. గుండె ఆగినంత పనయింది. ఆ లాక్డ్‌కి భద్రతతో ఏ సంబంధమూ లేదు. బీరువాలో ఒకసారి బ్యాకప్ పెట్టడం మొదలుపెడితే ఇక స్టోరేజ్ రకం మార్చుకోలేమని దాని అర్థం. లోకల్ అని పెట్టి ఉంటే లోకల్‌తోనే ఉండాలి, లేదంటే కొత్త బీరువా పెట్టుకోవాలి. అంటే మామకు శుభవార్తలా వినపడింది నిజానికి ఒక హెచ్చరిక. నా వాక్యం తప్పు కాదు, మాటకు మాట సరిగ్గానే ఉంది. కానీ చదివినాయన తప్పు నిర్ణయానికి వచ్చాడు. అంటే నా వాక్యం పని చేయలేదు. కొట్టేసి "ఈ సెట్టింగ్‌ని ఇక మార్చలేరు. డేటా భద్రంగా ఉందని దీని అర్థం కాదు" అని రాశాను.

ఇదేమీ కంప్యూటర్లు వచ్చాక పుట్టిన సమస్య కాదు. పాత పహాణీ నకలు చూసినవాళ్లకు తెలుసు. అందులో పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు. ఒకదాంట్లో పేరున్నది హక్కుదారు, ఇంకోదాంట్లో పేరున్నది సాగు చేసేవాడు. నకలు తీసుకున్నంత మాత్రాన భూమి మారదు. కానీ కాలమ్ అర్థం తెలియక చదివితే ఇంట్లో గొడవ మాత్రం ఖాయం. చూడటం ప్రమాదం కాదు, చూసి తప్పుగా అర్థం చేసుకోవడం ప్రమాదం. ఆ అర్థం చెప్పాల్సిన బాధ్యత డాక్యుమెంట్‌ది.

ఇక నాతో వాదించినవాళ్ల సంగతి. మా సీనియర్ ఒకన్న అన్నాడు: "గెట్‌కి డాక్యుమెంట్ ఏందిరా? కోడ్ నుంచి ఆటోమేటిక్‌గా జనరేట్ అయితది. డిలీట్‌కి, అప్‌డేట్‌కి జాగ్రత్తలు రాయాలి. చూసేదానికి ఏం రాస్తవ్?" ఈ మాటలో సగం నిజం ఉంది. ఫీల్డ్ పేర్లు, రకాలు కోడ్ నుంచి వచ్చేస్తాయి, వాటిని చేత్తో రాయడం టైం వేస్ట్. కానీ అలా పుట్టిన పేజీలు మీరూ చూసే ఉంటారు. "స్టోరేజ్ టైప్" అనే ఫీల్డ్ పక్కన వివరణ "స్టోరేజ్ టైప్" అనే ఉంటుంది. పేరు చెప్పి ఎవరని అడిగితే మళ్లీ పేరే చెప్పినట్టు. కోడ్‌కి తెలియనిది ఒకటుంది: ఈ జవాబు చూసి మనిషి ఏమనుకుంటాడు అన్నది. అది మనిషే రాయాలి.

పైగా చూసే పనిముట్టుకి పేజీ రాయడం కొత్త ఆచారమేమీ కాదు. యూనిక్స్ మొదటి మాన్యువల్ 1971 నవంబర్‌లో వచ్చింది. డైరెక్టరీలో ఏముందో చూపించడం తప్ప ఇంకేం చేయని ఎల్‌ఎస్ కమాండ్‌కి కూడా అందులో పేజీ ఉంది. ఆ పేజీల కింద బగ్స్ అని ఒక శీర్షిక ఉండేది. ఈ ప్రోగ్రామ్ ఎక్కడ తప్పుతుందో, ఏం చేయలేదో రాసినవాళ్లే ఒప్పుకునే చోటు. యాభై ఏళ్ల కింద ఉన్న ఆ మర్యాద ఇప్పుడు చాలా పేజీల్లో కనపడదు. "ఈ కమాండ్ ఇది చెప్పదు" అనే వాక్యం అడ్వర్టైజ్‌మెంట్‌కి పనికిరాదు కదా, అందుకేనేమో.

ఇంకో ఫ్రెండ్ అడిగింది ఇంకా పదునైన ప్రశ్న. "రీడ్ ఓన్లీ అయితే సేఫ్ అని అందరికీ చెప్తున్నావు. హ్యాకర్ కూడా ముందు చూసేదే బ్యాకప్ ఎక్కడుందని కదా?" కరెక్ట్. రాన్సమ్‌వేర్ దాడి చేసేవాళ్లు బ్యాకప్‌లను వెతికి ముందు వాటినే నాశనం చేస్తారు. అందుకే చూసే కమాండ్ వివరాలు కూడా గోడల మీద అతికించేవి కావు. ఖాతా నంబరు, వాల్ట్ పేరు, తాళంచెవి పేరు, ఇవన్నీ ఆ జవాబుల్లో ఉండొచ్చు. నా మొదటి డ్రాఫ్ట్‌లో నా సొంత ఖాతా నంబరున్న స్క్రీన్‌షాట్ పెట్టేశాను, తన మాట విన్నాక తీసేశాను. సేఫ్ అంటే డేటా మారదు అని మాత్రమే. రహస్యం బయటపడదు అని కాదు. అందుకని ఆ డాక్యుమెంట్‌లో రెండో లైన్‌లోనే రాశాను, దీనికి యజమాని పాస్‌వర్డ్ వాడొద్దు అని. అజూర్‌లో బ్యాకప్ రీడర్ అనే పాత్ర విడిగా ఉంది. ఆ పాత్ర ఇస్తే చూడగలరు, మార్చలేరు. మామలాంటివాళ్లకి ఇవ్వాల్సింది అది. ఆ రోజు మా చేతిలో ఉన్నది అన్నీ చేయగల పాస్‌వర్డ్, అందుకే అంత భయం. చూడటానికి మాత్రమే వీలున్న లాగిన్ అయితే మామ "ఏం నొక్కకురా" అనే అవసరమే లేదు. ఎంత నొక్కినా ఏం కాదు.

మూడో వాదన తెలుగు మీద. "కమాండ్ ఇంగ్లీషులో, జవాబు ఇంగ్లీషులో, మధ్యలో నీ తెలుగెందుకు?" నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఈ వ్యాసంలో కూడా నా తెలుగు ఎక్కడెక్కడ తడబడిందో ఎడిటర్ అక్కకి తెలుసు. నాకు టెక్నికల్ విషయం తెలుగులో చదవడం కంటే ఇంగ్లీషులో చదవడమే తేలిక. కానీ ఆ డాక్యుమెంట్ నా కోసం కాదు కదా. రోజూ దుకాణం తెరిచేది నేను కాదు, మామ. కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి చోట్ల మందుల షాపులు, రైస్ మిల్లులు, స్కూలు ఆఫీసులు, అన్నిచోట్లా లెక్కలు కంప్యూటర్‌లోకి వచ్చేశాయి. వాటిని పెట్టినవాళ్లు ఎక్కడో ఉంటారు. వాటి పక్కన రోజూ కూర్చునేవాళ్లు తెలుగు చదువుతారు. కమాండ్‌ని తెలుగు చేయక్కర్లేదు. జవాబుని ఎలా చదవాలో తెలుగులో చెప్పాలి. చేపల మార్కెట్‌లో తూకం అంకెలు ఏ లిపిలో ఉన్నా పర్వాలేదు, ముల్లు ఎక్కడ ఆగితే ఎంతో తెలియాలి.

ఇదంతా చిన్న దుకాణాల గోల, పెద్ద కంపెనీల్లో ఇలా ఉండదు అనుకుంటున్నారా? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీని తుడిచేశాడు. బ్యాకప్ తీద్దామని చూస్తే, పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఏదీ సరిగ్గా పనిచేయట్లేదు. రోజూ బ్యాకప్ చేరాల్సిన క్లౌడ్ బకెట్ ఖాళీగా ఉంది. డేటాబేస్ ఒక వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ పాత వెర్షన్, అందుకని అది రోజూ ఫెయిలవుతూనే ఉంది. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లు కూడా చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటుంది, దానితో బయటపడ్డారు. మెచ్చుకోవాల్సింది ఏంటంటే, జరిగినదంతా వాళ్లే దాచకుండా ప్రపంచానికి రాసి చూపించారు. ఆ కథలో నాకు గుచ్చుకున్నది డిలీట్ కాదు, ఆ ఖాళీ బకెట్. ఆ బకెట్‌లో ఏముందో చూపించే కమాండ్ ప్రపంచంలోనే తేలికైన కమాండ్లలో ఒకటి.

ఇంకొకటి మొన్నటిదే. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్ కాలింది. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్ అనే వ్యవస్థలో 858 టెరాబైట్ల డేటా పోయింది. మరీ పెద్దది కాబట్టి దానికి బయట బ్యాకప్ పెట్టలేదట. మా జిల్లాలో వరద వచ్చి అప్పటికి సరిగ్గా నెల. ఇక్కడ నీళ్లు, అక్కడ నిప్పు. ఆ ఉద్యోగుల్లో ఎంతమందికి తమ ఫైళ్లు ఒకే చోట ఉన్నాయని ముందే తెలిసి ఉంటుంది? "ప్రతులు: ఒకే చోట" అని చూపించే ఒక్క లైన్ వాళ్లకు అర్థమయ్యే భాషలో రోజూ కనపడి ఉంటే, కనీసం ముఖ్యమైన ఫైలు ఇంకోచోట దాచుకునేవాళ్లు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మనం చూసే కమాండ్ దేనికి డాక్యుమెంట్ రాసినా, ప్రాజెక్ట్ రిపోర్ట్‌లోనైనా సరే, ఐదు విషయాలు తప్పకుండా రాద్దాం. ఒకటి, ఇది ఏదీ మార్చదు అని మొదటి లైన్‌లో స్పష్టంగా. భయం పోతేనే మనిషి చేయి వేస్తాడు. రెండు, దీన్ని వాడటానికి కావాల్సిన అతి చిన్న అనుమతి ఏది. మూడు, ప్రతి ఫీల్డ్‌కి అర్థం మాత్రమే కాదు, ఈ విలువ వస్తే ఏం చేయాలి. నాలుగు, ఇది ఏం చెప్పదు. నా డాక్యుమెంట్‌లో ఈ భాగమే అన్నిటికంటే పెద్దది. ఈ గెట్ కాపీలు ఎన్ని ఉన్నాయో చెప్పదు, చివరిది ఎప్పటిదో చెప్పదు, రీస్టోర్ చేస్తే తెరుచుకుంటుందో లేదో అస్సలు చెప్పదు. విండోస్ కంప్యూటర్ నుంచి అజూర్‌కి ఫైళ్లు పంపే ఏజెంట్ ఉంది కదా, దానికి పెట్టిన పాస్‌ఫ్రేజ్ పోతే కాపీలు వంద ఉన్నా తెరవలేం, మైక్రోసాఫ్ట్ దగ్గర కూడా అది ఉండదు. ఆ పాస్‌ఫ్రేజ్‌ని అదే కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఐదు, తర్వాత ఏ కమాండ్ కొట్టాలి. ఆ రోజు నన్ను నవ్వులపాలు చేసిన పావుగంటకి కారణం ఈ ఐదోది లేకపోవడమే.

చూడటం మాత్రమే సరిపోతుందని నేను అనట్లేదు. ఏడాదికి రెండుసార్లైనా నిజంగా రీస్టోర్ చేసి చూసుకోవాలి, దానికి ఏదీ సాటి రాదు. కానీ రీస్టోర్ చేసి చూసుకోవడం తెలిసిన మనిషి చేయాల్సిన పని. చూడటం ఎవరైనా చేయొచ్చు, ప్రతి వారం చేయొచ్చు. తెలిసిన మనిషిని ఎప్పుడు పిలవాలో ఆ చూపే చెప్తుంది.

మన క్లబ్‌లో కథలు రాసేవాళ్లున్నారు, కవితలు రాసేవాళ్లున్నారు. వాళ్లలో సగం మంది పొద్దున ల్యాబ్‌లో కోడ్ రాసేవాళ్లే. సంక్రాంతికో, ఎండాకాలం సెలవులకో ఊరికి వెళ్లినప్పుడు తెలిసినవాళ్ల దుకాణానికో, చదివిన స్కూలుకో వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "మీ బ్యాకప్ చివరిసారి ఎప్పుడు పడిందో ఎట్లా తెలుస్తది?" చాలా చోట్ల నవ్వుతారు. వాళ్ల అనుమతితో, వాళ్ల ముందే, చూసే లాగిన్‌తో మాత్రమే చూపించండి. తర్వాత ఒక పేజీ తెలుగులో రాసివ్వండి. రాసింది వాళ్లతోనే చదివించండి. వాళ్లు తప్పుగా అర్థం చేసుకున్న ప్రతి చోటా తప్పు మీదే అనుకొని మళ్లీ రాయండి. రాయడం గురించి నాకు ఏ వర్క్‌షాప్‌లోనూ అంత బాగా అర్థం కాలేదు.

దుకాణంలో ఇప్పుడు కంప్యూటర్ బల్ల మీద ఉంది. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఆయనతో మాట్లాడి, చూడటానికి మాత్రమే వీలున్న లాగిన్ ఒకటి మామకు ఇప్పించాను. అక్కడి కమాండ్‌కి కూడా ఒక పేజీ రాసిచ్చాను, ఐదు విషయాలతో. సోమవారం పొద్దున దుకాణం తెరిచి, దేవుడి పటానికి అగర్‌బత్తి పెట్టి, ఆ కమాండ్ కొడతాడు. చివరి తేదీ చదివి నాకు ఫోన్ చేస్తాడు. పోయిన సోమవారం ఫోన్‌లో ఆయన మాట ఇది: "అల్లుడూ, తేదీ శనివారందే ఉన్నది. ఆదివారం దుకాణం బందే కదా, గంతే. నువ్వు క్లాస్‌కి పో."